కరెంటు పెట్టె కథ: చలికి మొరాయించిన కంప్యూటర్, దాని వెనక బ్రిటన్ చరిత్ర

పోయిన ఎపిసోడ్ విన్నవాళ్లకు ఈ కథ సగం తెలుసు. మాటల్లో చెప్పలేక వదిలేసినవి కొన్ని ఉండిపోయాయి. పైగా "అన్నా, ఆ చెకింగ్ వరసంతా ఒకచోట రాసి పెట్టు" అని చాలామంది అడిగారు. అందుకే ఇది. బ్రేకులో టీ తాగుతూ చదువుకునేలా రాశాను.

ముందు మా ఇంటి సంగతి. లెస్టర్‌లో ఐదుగురం ఒకే ఇంట్లో అద్దెకుండే రోజులు. ఖమ్మం నుంచి వచ్చిన తమ్ముడు ఒకడు రాత్రిళ్లు వేర్‌హౌస్‌లో పని చేసి, పగలు అకౌంట్స్ పరీక్షకు చదివేవాడు. చదువంతా ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ మీదే. జనవరి వచ్చింది. గ్యాస్ బిల్లుకు భయపడి పొద్దున పూట హీటింగ్ వేసేవాళ్లం కాదు. ఒకరోజు షిఫ్టు నుంచి వచ్చి బటన్ నొక్కితే ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోయింది. మళ్లీ నొక్కినా అంతే. పదిహేనుసార్లు నొక్కాక లేచింది. మధ్యాహ్నం మాత్రం ఒక్క నొక్కుకే ఆన్ అయ్యేది. వారం తిరక్కుండానే వీడియో క్లాసు మధ్యలో దానంతటదే రీస్టార్ట్ కావడం మొదలైంది.

రిపేరు షాపుకి తీసుకెళ్తే మూత తీసి, అటూ ఇటూ చూసి, "మదర్‌బోర్డు పోయింది, 140 పౌండ్లు" అన్నారు. పరీక్షకు మూడు వారాలే ఉంది. ఆ 140 ఆ నెల వాళ్లమ్మ మందులకు పంపాల్సిన డబ్బులోంచి తియ్యాలి.

పోయింది మదర్‌బోర్డు కాదని తర్వాత తేలింది. పోయింది పవర్ సప్లై. మన ఊళ్లో ఎస్‌ఎంపీఎస్ అంటాం, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కౌంటర్ల మీద దొంతరలుగా కనిపించే ఆ ఇనప డబ్బా. ఇక్కడివాళ్లు పీఎస్‌యూ అంటారు. దాన్ని పట్టుకోవడానికి మాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో నాకు అర్థమైందేంటంటే, మనం చేసే ప్రతి చెకింగ్‌కూ ఈ దేశంలోనే ఒక పాత కథ ఉంది. కంప్యూటర్ చరిత్ర అంటే అందరూ దాని తెలివి గురించే చెబుతారు. దానికి తిండి పెట్టే కరెంటు గురించి తల బద్దలు కొట్టుకున్నవాళ్ల కథ ఎవరూ పెద్దగా చెప్పరు.

గోడ దగ్గర నుంచి మొదలు

ఊళ్లో ఏది ఆగినా మనం అడిగే మొదటి మాట "కరెంటుందా?" అనే. లో వోల్టేజీ, స్టెబిలైజర్, ఫ్యూజు కట్టడం, పక్కింట్లో లైటు వెలుగుతోందా అని గోడ మీంచి తొంగి చూడటం, ఇవన్నీ మన పెంపకంలో భాగం. ఇక్కడికొచ్చాక కరెంటు పోవడమే అరుదు కాబట్టి ఆ ప్రశ్న అడగడం మానేశాం. మేమూ మానేశాం. నేరుగా ర్యామ్ తీసి తుడవడంతో మొదలుపెట్టాం. అది తప్పు.

ఇక్కడి ప్లగ్గులోనే ఒక చిన్న ఫ్యూజు ఉంటుంది. మనకది వింత. దాని వెనక కథ ఇది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్ ఇళ్లలో 2 ఆంప్, 5 ఆంప్, 15 ఆంప్ అంటూ రకరకాల గుండ్రటి పిన్నుల సాకెట్లు ఉండేవి. ఊరిని బట్టి వోల్టేజీ మారేది, కొన్నిచోట్ల డీసీ కరెంటే వచ్చేది. యుద్ధం నడుస్తుండగానే, 1942లో, రేపు కట్టబోయే లక్షల ఇళ్లకు వైరింగ్ ఎలా ఉండాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. అందులో ఉన్న ఒకే ఒక్క మహిళ కరోలిన్ హాస్లెట్. ఆడవాళ్ల ఇంటి చాకిరీని కరెంటు తగ్గించాలని జీవితమంతా పనిచేసిన ఇంజనీర్ ఆమె.

అప్పట్లో రాగికి కరువు. అందుకని ప్రతి సాకెట్‌కూ విడిగా వైరు లాగకుండా, ఒకే వైరు గదులన్నీ చుట్టి మళ్లీ ఫ్యూజు బాక్సుకే వచ్చేలా పెట్టారు. దాన్నే రింగ్ సర్క్యూట్ అంటారు. రాగి కలిసొచ్చింది. కానీ ఆ రింగుకు ఉండేది 30 ఆంప్‌ల ఫ్యూజు. సన్నటి టేబుల్ లైటు వైరు కాలిపోతున్నా ఆ పెద్ద ఫ్యూజుకు తెలియదు. కాబట్టి ఏ వస్తువు వైరును ఆ వస్తువు ప్లగ్గే కాపాడుకోవాలి. ప్లగ్గులోకి ఫ్యూజు అలా వచ్చింది. పిల్లలు వేళ్లు పెట్టకుండా సాకెట్ రంధ్రాలకు లోపల తలుపులు పెట్టారు. కాస్త పొడుగ్గా ఉండే ఎర్త్ పిన్ను ముందు లోపలికి వెళ్లి ఆ తలుపులు తెరుస్తుంది. ఈ ప్లగ్గు ప్రమాణం, బీఎస్ 1363, వెలువడింది 1947లో.

ఏడాది గుర్తుపట్టారు కదా. వాళ్లు గుండ్రటి పిన్నులు వదిలేయడం మొదలుపెట్టిన ఏడాదే మనకు స్వాతంత్ర్యం వచ్చింది. వాళ్లు వదిలేసిన ఆ పాత గుండ్రటి పిన్నులే ఇప్పటికీ మన గోడల్లో ఉన్నాయి.

దీంట్లోంచి మన పనికొచ్చేవి మూడు. ఒకటి, కంప్యూటర్ అసలు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే ముందు ప్లగ్గు ఫ్యూజు మార్చి చూడండి, తర్వాత వేరే వైరు పెట్టి చూడండి. కెటిల్ వైరుగా పిలిచే ఆ వైరు చౌకగానే దొరుకుతుంది. ఫ్యూజు బదులు సిగరెట్ పేపర్ రేకు చుట్టడం, రాగి పోగు కట్టడం లాంటి ఊరి విద్యలు ఇక్కడ వద్దు. రెండు, ఎక్స్‌టెన్షన్ బోర్డు మొత్తానికి 13 ఆంప్‌లే హద్దు, అంటే సుమారు 3,000 వాట్లు. రూమ్ హీటరొక్కటే 2,000 లాగుతుంది. అదే బోర్డుకు రైస్ కుక్కరూ కంప్యూటరూ తగిలిస్తే బోర్డు వేడెక్కుతుంది. కంప్యూటర్‌ను నేరుగా గోడకు పెట్టి చూడండి. మూడు, ఇంటి నుంచి తెచ్చుకున్న వైరును ఎర్త్ లేని చౌక అడాప్టర్‌లో పెడితే కంప్యూటర్ డబ్బా ముట్టుకున్నప్పుడు జివ్వుమంటుంది. ఆ జివ్వుమనడం చెడిపోయిందనడానికి గుర్తు కాకపోవచ్చు. ఎర్త్ లేదనడానికి గుర్తు. ముందు ఆ అడాప్టర్ మార్చండి.

మా తమ్ముడి కంప్యూటర్‌కు ఫ్యూజు మార్చాం, వైరు మార్చాం, గోడకు పెట్టాం. పొద్దున పూట మొండితనం అలాగే ఉంది.

డాలిస్ హిల్: స్విచ్ వేసే క్షణమే గండం

లండన్‌లో ఉండేవాళ్లు జూబ్లీ లైన్‌లో వెంబ్లీ వైపు వెళ్తూ డాలిస్ హిల్ స్టేషన్ దాటే ఉంటారు. పోస్టాఫీసు వాళ్ల పరిశోధన కేంద్రం ఒకప్పుడు అక్కడే ఉండేది. అక్కడ పనిచేసినాయన టామీ ఫ్లవర్స్. 1905లో తూర్పు లండన్‌లోని పాప్లర్‌లో పుట్టాడు. తండ్రి తాపీ మేస్త్రీ. వూలిచ్‌లోని ఆయుధ కర్మాగారంలో పగలంతా అప్రెంటిస్‌గా పనిచేస్తూ, సాయంత్రం క్లాసులకు వెళ్లి ఇంజనీరింగ్ చదువుకున్నాడు. ఈ మాట చెప్పినప్పుడు మా తమ్ముడు తల ఎత్తి చూశాడు.

యుద్ధంలో జర్మన్ సైన్యాధికారుల రహస్య సందేశాలు విప్పడానికి బ్లెచ్లీ పార్కులో యంత్రం కావాల్సి వచ్చింది. ఇది సినిమాల్లో చూపించే ఎనిగ్మా కాదు, దానికన్నా జటిలమైన లోరెంజ్ సంకేతం. ఫ్లవర్స్ ఎలక్ట్రానిక్ వాల్వులతో యంత్రం కడతానన్నాడు. వాల్వు అంటే మన తాతల రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్డి. చాలామంది నమ్మలేదు. ఒక రేడియోలో నాలుగైదు వాల్వులుంటేనే ఏదో ఒకటి పోతుంటుంది, 1,500కు పైగా పెడితే ఒక్క పూటైనా నడుస్తుందా అన్నారు.

ఫ్లవర్స్‌కు తెలిసింది వాళ్లకు తెలియదు. ఆయన టెలిఫోన్ ఎక్స్చేంజీల్లో వాల్వులు వాడి చూశాడు. వాల్వులు నడుస్తుంటే పెద్దగా పోవు. ఆన్ చేసి ఆఫ్ చేసి, చల్లారి వేడెక్కే ఆ కుదుపులోనే పోతాయి. కాబట్టి వేసిన స్విచ్ తియ్యకండి, కాస్త తక్కువ కరెంటు మీద నడపండి, అన్నాడు. 1943 డిసెంబరుకల్లా యంత్రం డాలిస్ హిల్‌లో నడిచింది. 1944 ఫిబ్రవరి నుంచి బ్లెచ్లీలో పనిలోకి దిగింది. దాని పేరే కొలోసస్. యుద్ధం ముగిసేసరికి పది కొలోసస్‌లు పనిచేస్తున్నాయి.

తర్వాత ఆయనకేం దక్కింది? అంతా రహస్యం. ఆయనకిచ్చిన 1,000 పౌండ్లు ఆయన సొంతంగా పెట్టిన ఖర్చుకే చాలలేదు. అలాంటి యంత్రం మళ్లీ కడతానని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ను అప్పు అడిగితే, అలాంటిది పనిచేయదులెమ్మని కాదన్నారు. "ఇప్పటికే కట్టాను, పనిచేసింది" అని చెప్పే వీలు లేదు. ఇక్కడ మన పాత అనుభవం చెప్పినా లెక్కలోకి తీసుకోని ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చినవాళ్లకు ఆయన పరిస్థితి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన కంప్యూటర్ దగ్గరికి వద్దాం. వాల్వులు పోయి దశాబ్దాలైంది. అయినా ఫ్లవర్స్ గమనించింది ఈనాటికీ పనికొస్తుంది. స్విచ్ వేసిన క్షణాన పవర్ సప్లై ఒక్క గుక్కలో ఎక్కువ కరెంటు లాగుతుంది, దాని మీద అన్నిటికన్నా బరువు పడేది అప్పుడే. కంప్యూటర్ నడిచేటప్పుడు బాగుండి, ఆన్ అయ్యేటప్పుడే మొరాయిస్తుంటే, పదిసార్లు నొక్కితే గానీ లేవకపోతే, వేలు మొదట పవర్ సప్లై వైపు చూపించాలి. అలాగని ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉంచమని నేననడం లేదు. కరెంటు బిల్లు కట్టేది మనమే.

టీ కొట్టు వాళ్ల కంప్యూటర్

ప్రపంచంలో మొదటిసారి ఆఫీసు లెక్కలకు రోజూ వాడిన కంప్యూటర్‌ను కట్టింది ఒక టీ షాపుల కంపెనీ అంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. జె. లయన్స్ కంపెనీకి బ్రిటన్ అంతటా టీ షాపులూ, లండన్ హ్యామర్‌స్మిత్‌లో క్యాడ్బీ హాల్ అనే పెద్ద కేంద్రమూ ఉండేవి. వాళ్లు కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో మారిస్ విల్క్స్ కడుతున్న ఎడ్‌శాక్ యంత్రానికి డబ్బు సాయం చేశారు. బదులుగా ఆ విద్య నేర్చుకుని సొంతంగా ఒకటి కట్టుకున్నారు. దాని పేరు లియో. 1951 నవంబరులో బేకరీ లెక్కలతో పని మొదలుపెట్టింది. కొన్నేళ్లలోనే ఉద్యోగుల జీతాలు లెక్కగట్టింది. ఇవాళ మన చేతికొచ్చే పేస్లిప్పుకు తాత ముత్తాత ఎవరంటే, అదే.

జీతాల లెక్క మధ్యలో యంత్రం ఆగితే శుక్రవారం వేల ఇళ్లలో పొయ్యి వెలగదు. లియోలో దాదాపు 6,000 వాల్వులున్నాయి. ఇంజనీరింగ్ చూసిన జాన్ పింకర్టన్ బృందానికి పెద్ద తలనొప్పి పూర్తిగా చచ్చిపోయిన వాల్వు కాదు, దాన్ని పట్టుకోవడం తేలికే. సగం చచ్చినదే ప్రాణం తీస్తుంది. పొద్దున బాగుంటుంది, సాయంత్రం తప్పు లెక్క ఇస్తుంది.

ఆ తరం యంత్రాల దగ్గర దీనికొక ఉపాయం వాడేవాళ్లు. అసలు పని మొదలుపెట్టకముందే, కావాలని వోల్టేజీని కొంచెం తగ్గించి, కొంచెం పెంచి టెస్టు ప్రోగ్రాం నడిపేవాళ్లు. గట్టి వాల్వు ఆ తేడాను తట్టుకుంటుంది. రేపో మాపో పోబోయేది అక్కడే తడబడుతుంది. దాన్ని అప్పుడే పీకి కొత్తది పెడితే పని మధ్యలో ఆగదు. దీన్ని మార్జినల్ టెస్టింగ్ అన్నారు. కాలేజీలో మన లెక్చరర్లు చెప్పినట్టు, ఉత్త కడుపుతో పరిగెత్తిస్తేనే ఒంట్లో బలం ఎంతో తెలుస్తుంది.

మన డెస్క్‌టాప్‌కూ ఇదే లెక్క. ఖాళీగా ఉన్నప్పుడు బాగుండి, వీడియో కాల్ చేసినా గేమ్ ఆడినా రీస్టార్ట్ అవుతుంటే అది సగం చచ్చిన పవర్ సప్లై కావచ్చు. ప్రాసెసర్ వేడెక్కినా ఇలాగే ఆగుతుంది, కాబట్టి దుమ్ము దులిపి, ప్రాసెసర్ ఫ్యాను తిరుగుతోందో లేదో ముందు చూడండి. మా దగ్గర ఆ ఫ్యాను బాగానే తిరుగుతోంది.

బరువైన డబ్బా తేలికైంది, కండెన్సర్ల మీద పడింది

గోడలో వచ్చేది 230 వోల్టుల ఏసీ. కంప్యూటర్‌కు కావాల్సింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. దించే పని ట్రాన్స్‌ఫార్మర్‌ది. ఆ సూత్రాన్ని కనిపెట్టింది కూడా లండన్‌లోనే. 1831 ఆగస్టు 29న రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక ఇనప రింగుకు రెండు తీగలు చుట్టి మైకేల్ ఫారడే చేసిన ప్రయోగం అది. ఆయన కమ్మరి కొడుకు, పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి కుదిరి, ఆ పుస్తకాలే చదివి పైకొచ్చినవాడు.

పాత పద్ధతిలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ దించేవాళ్లు. బరువెక్కువ, వేడెక్కువ. కొత్త పద్ధతిలో 230 ఏసీని ముందు 300 వోల్టులకు పైగా డీసీగా మార్చి ఒక పెద్ద కండెన్సర్‌లో నింపుతారు. తర్వాత దాన్ని సెకనుకు వేలకు వేలసార్లు ఆన్-ఆఫ్ చేసి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తోనే దించుతారు. స్విచ్ మోడ్ పవర్ సప్లై అన్న పేరు, మన ఎస్‌ఎంపీఎస్, ఇందులోంచే వచ్చింది.

ఈ మార్పు బ్రిటన్ బళ్లలో కళ్లముందే జరిగింది. 1981 డిసెంబరులో కేంబ్రిడ్జ్‌కు చెందిన ఏకార్న్ కంపెనీ బీబీసీ మైక్రో కంప్యూటర్ తెచ్చింది. కంప్యూటర్ అంటే ఏంటో దేశమంతటికీ నేర్పాలని బీబీసీ పెట్టుకున్న కార్యక్రమం కోసం చేసిన యంత్రమది. 15 లక్షలకు పైగా అమ్ముడైంది. మొదట్లో వచ్చినవాటిలో పాత రకం పవర్ సప్లైలు ఉండి బాగా వేడెక్కేవి. త్వరలోనే స్విచ్ మోడ్‌కు మారారు. అక్కడ ఇంకో ముసలం పుట్టింది. కరెంటులో గోల తగ్గించడానికి పెట్టిన చిన్న కాగితం కండెన్సర్లకు ఏళ్లు గడిచేకొద్దీ పైపొర పగిలి, తేమ లోపలికి పోయేది. ముప్పై ఏళ్ల తర్వాత అటక మీద నుంచి దించి ముచ్చటగా ఆన్ చేసినవాళ్లకు పొగ, గదంతా కంపు. ఇప్పుడు ఆ పాత కంప్యూటర్లు సేకరించేవాళ్లు ముందు చేసే పని, స్విచ్ వేయకుండా ఆ కండెన్సర్లు మార్చడం.

కండెన్సర్ మనకు కొత్త కాదు. ఎండాకాలం సీలింగ్ ఫ్యాను మెల్లగా తిరిగితే "కండెన్సర్ పోయింది" అని పది నిమిషాల్లో మార్చేస్తాం. పవర్ సప్లైలో అలాంటివి చాలా ఉంటాయి, వాటిలో కొన్నిటి లోపల ద్రవం ఉంటుంది. 2000 తర్వాత కొన్నేళ్లు తైవాన్ నుంచి వచ్చిన కొన్ని కండెన్సర్లలో ఆ ద్రవం నాసిరకంది పడింది. అవి ఉబ్బి, కారి, ప్రపంచమంతటా మదర్‌బోర్డులూ పవర్ సప్లైలూ పోయాయి. డెల్ కంపెనీ ఒక్కటే 2005లో దీని రిపేర్ల కింద 30 కోట్ల డాలర్లు లెక్కలో రాసుకుంది.

నాసిరకం కాకపోయినా, వయసు మీదపడితే ఆ ద్రవం మెల్లగా ఎండిపోతుంది. ఎండిన కండెన్సర్ చలిలో మరీ బద్ధకంగా పనిచేస్తుంది. కాస్త వేడి తగిలితే తేరుకుంటుంది.

ఇది చదవగానే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. హీటింగ్ లేని జనవరి పొద్దున మొరాయింపు, మధ్యాహ్నం ఒక్క నొక్కుకే ఆన్. "తమ్ముడూ, రేపు పొద్దున కిచెన్‌లో పెట్టి చూద్దాం" అన్నా. మర్నాడు అందరం టిఫిన్లు చేసుకున్నాక, వెచ్చగా ఉన్న కిచెన్‌లో గంటసేపు ఉంచి ఆన్ చేశాం. మొదటి నొక్కుకే లేచింది.

క్లిప్పుతో పరీక్ష, దాని హద్దు

1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ అనే ప్రమాణం తెచ్చింది. అంతకుముందు కంప్యూటర్ బటన్ అంటే కరెంటును నిజంగా తెంపే స్విచ్. ఏటీఎక్స్ తర్వాత ఆ బటన్ ఒక విన్నపం మాత్రమే. మదర్‌బోర్డు ఒక పచ్చ వైరును నల్ల వైరుతో కలిపితే పవర్ సప్లై లేస్తుంది. "నా వోల్టేజీలన్నీ బాగున్నాయి" అని పవర్ సప్లై బూడిదరంగు వైరు మీద తిరిగి చెబితేనే కంప్యూటర్ ముందుకు కదులుతుంది. అంటే కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా, ప్లగ్గు పెట్టి ఉంటే లోపల 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. అందుకే మూత తీసేముందు ప్లగ్గు పీకి తీరాలి.

యూట్యూబ్‌లో చూపించే పేపర్ క్లిప్పు పరీక్ష ఈ పచ్చ వైరు ఆధారంగానే. కరెంటు ప్లగ్గు పూర్తిగా పీకి, మదర్‌బోర్డులోంచి 24 పిన్నుల పెద్ద కనెక్టర్ తీసి, పచ్చకీ నల్లకీ క్లిప్పు పెట్టి, అప్పుడు ప్లగ్గు పెడతారు. ఫ్యాను తిరిగితే పవర్ సప్లై లేచినట్టు. మీ వైర్లన్నీ నల్లగా ఉండి రంగులు తెలియకపోతే దీని జోలికి పోకండి.

మేమూ చేశాం. ఫ్యాను తిరిగింది. మల్టీమీటర్ పెడితే పసుపు వైరులో 12.1 వోల్టులు. "బాగానే ఉందన్నా, షాపువాళ్లన్నదే నిజం" అన్నాడు తమ్ముడు, గొంతులో నీరసంతో. అప్పుడు నాకు లియో గుర్తొచ్చింది. బరువు లేకుండా ఎవరైనా నిలబడతారు. అన్నీ తిరిగి తగిలించి, కంప్యూటర్ ఆన్ చేసి, వీడియో క్లాసు పెట్టి, డిస్కులకు వెళ్లే కనెక్టర్‌లో మళ్లీ మీటర్ పెట్టాం. 11.8. 11.5. ఒకచోట 11.2కు పడింది, ఆ వెంటనే రీస్టార్ట్. ప్రమాణం ప్రకారం 5 శాతం తేడా వరకే ఒప్పు. 12 వోల్టులది 11.4 కిందికి రాకూడదు. 5 వోల్టులది 4.75 కిందికి, 3.3ది 3.14 కిందికి పోకూడదు.

చివరి పరీక్ష ఇంకో రూమ్మేట్ కంప్యూటర్‌లోంచి పవర్ సప్లై అప్పు తీసుకుని పెట్టడం. చలి పొద్దున, హీటింగ్ లేకుండా, ఒక్క నొక్కు. లేచింది. మదర్‌బోర్డుకు ఏ రోగమూ లేదు.

చెయ్యకూడనిది ఒకటి

ఇక్కడ ఒక్క మాట. కండెన్సరే పోయిందని తెలియగానే తమ్ముడు స్క్రూడ్రైవర్ తెచ్చాడు. "ఊళ్లో ఫ్యాన్లకు ఎన్ని మార్చలేదన్నా, ఐదు నిమిషాలు." నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ డబ్బా లోపలి పెద్ద కండెన్సర్‌లో 300 వోల్టులకు పైగా నిల్వ ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా అది కొంతసేపు అలాగే ఉండొచ్చు. తెలిసినవాళ్లు దాన్ని ఖాళీ చేసే పద్ధతితో చేస్తారు. మనం చెయ్యకూడదు. డబ్బా బయట ఎన్ని పరీక్షలైనా చేసుకోండి, ఆ నాలుగు స్క్రూలు మాత్రం విప్పకండి. ఆదా అయ్యే నలభై పౌండ్ల కోసం ఇంటికి వెళ్లాల్సిన మనిషి ప్రమాదంలో పడకూడదు.

కొత్తది కొనేటప్పుడు రెండు చూసుకోండి. ఆఫీసుల నుంచి వచ్చే కొన్ని బ్రాండ్ డెస్క్‌టాప్‌లలో పవర్ సప్లై ఆకారం, కనెక్టరు వాళ్ల సొంతం. మామూలుది సరిపోదు. పాతది ఫొటో తీసి, పిన్నులు లెక్కపెట్టి కొనండి. రెండోది, వైర్లు ఊడదీసే రకమైతే పాతదాని వైర్లు కొత్తదానికి తగిలించకండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల అమరిక వేరుగా ఉండొచ్చు, డిస్కులు కాలిపోతాయి.

షాపులో కొన్నదైతే రసీదు పారేయకండి. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, కొన్న ఆరు నెలల్లోపు లోపం బయటపడితే అది మొదటి నుంచీ ఉన్నట్టే లెక్క, కాదని చూపించాల్సింది అమ్మినవాళ్లే. మనిషి నుంచి మనిషికి ఆన్‌లైన్‌లో కొన్నవాటికి ఈ రక్షణ ఉండదు.

ఎవరికి చూపించాలో తెలియకపోతే రిపేర్ కేఫ్‌లున్నాయి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన ఆలోచన, ఇప్పుడు బ్రిటన్‌లోనూ చాలా ఊళ్లలో నడుస్తోంది. లండన్‌లో 2012లో మొదలైన రీస్టార్ట్ ప్రాజెక్ట్ వాళ్లు ఎలక్ట్రానిక్ వస్తువుల కోసమే ఇలాంటివి పెడతారు. తెలిసిన వాలంటీర్లు మన పక్కన కూర్చుని, మన చేతే విప్పించి చూపిస్తారు. ఇంగ్లిషు తడబడినా ఏం కాదు, మీటర్ మీద అంకెలు అందరికీ ఒకటే.

చివరికి

తమ్ముడు 45 పౌండ్లకు కొత్త పవర్ సప్లై కొన్నాడు. పాతది కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్‌లో ఇచ్చేశాం. ఆ పేపరు రాశాడు, పాసయ్యాడు. ఇంకా పేపర్లు మిగిలే ఉన్నాయి, రాత్రి షిఫ్టులూ ఉన్నాయి.

షాపువాళ్లు మోసం చేశారని నేననను. తొందరలో చూసుంటారు. వాళ్లు కంప్యూటర్ తలకాయలో రోగం వెతికారు, అందరూ వెతికేది అక్కడే. ఫ్లవర్స్, పింకర్టన్, హాస్లెట్ లాంటివాళ్లు చూసింది మాత్రం దానికి అందే కరెంటును. మన అమ్మలూ అంతే, పిల్లాడు నీరసంగా ఉంటే ముందు "తిన్నావా?" అనే అడుగుతారు.

కాబట్టి ఈసారి కంప్యూటర్ మొరాయిస్తే వరస ఇది: గోడ, ఫ్యూజు, వైరు, దుమ్ము, ఆన్ అయ్యేటప్పటి తీరు, బరువు పడ్డప్పటి వోల్టేజీ, అప్పు తెచ్చిన పవర్ సప్లై. ఇవన్నీ అయ్యాకే మదర్‌బోర్డు. ఆ వరస పూర్తి కాకముందే ఎవరైనా 140 పౌండ్లు అడిగితే, "ఒక్క రోజు ఆగండి" అనండి.

మీ ఇళ్లలో ఇలాంటి కథలుంటే వాయిస్ మెసేజ్ పంపండి. జాగ్రత్తగా ఉండండి, వేళకు తినండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.